లేపి కట్టిన చేను

ఈ సంగతి రాయమని నన్నెవరూ అడగలేదు. అడిగినవాళ్ళకి రిపోర్టులు ఎప్పుడో ఇచ్చేశాను, వాటి కింద సంతకాలు కూడా పెట్టాను. వాటిలో రాయనిది ఇది.

కొత్తపేట దగ్గర ఒక ఊళ్ళో వ్యవసాయ సహాయకురాలిని నేను. పేరు పెద్దదే. పని మాత్రం ఇది: రైతు కేంద్రంలో కూర్చుని ఎరువు బస్తాలకి పేర్లు రాసుకోవాలి. సీజను మొదట్లో చేను చేనుకీ తిరిగి ఎవరు ఏం వేశారో ఫోనులో నమోదు చేయాలి. తుఫానొస్తే మళ్ళీ ఆ చేలకే వెళ్ళి ఏం పోయిందో రాయాలి. మేము రాసినదాన్ని బట్టే ప్రభుత్వం రైతుకి నష్టపరిహారం ఇస్తుంది. మేము రాయకపోతే ఇవ్వదు.

మాది రాజోలు వైపు. ఇంట్లో అందరూ టీచర్లే. మా నాన్నగారు గట్టు మీద నడవగా నేనెప్పుడూ చూడలేదు, నేను కూడా డిప్లొమాలో చేరేదాకా నడవలేదు. నాకు ముక్కు మీద కోపమని ఊళ్ళో అందరికీ తెలుసు. ఎరువుల కోసం వచ్చినవాళ్ళు గుమ్మంలోనే ఆగి, నా మొహం చూసి, లోపలికి రావాలో వద్దో తేల్చుకుంటారట. ఈ మాట నాకు చెప్పిన పెద్దాయన గురించే ఇదంతా.

ఆయన్ని నేను బాబాయిగారు అని పిలుస్తాను. అరవై దాటి ఉంటాయి. ఉద్యోగంలో చేరిన మొదటి నెల, గట్టు మీంచి జారి బోదె కాలువలో నడుం లోతున పడ్డాను. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వాపుకోలేక మొహాలు తిప్పుకున్నారు. ఆయన ఒక్కరే చెయ్యి అందించారు. వారం తరవాత వెళ్తే ఆ బోదె మీద అడ్డంగా కొబ్బరి దుంగ వేసి ఉంది. "మా ఇంటావిడకీ కాలు జారతందండి, ఆవిడ కోసం వేసేను," అన్నారు. ఆవిడ ఆ ఊళ్ళో పుట్టి పెరిగిన మనిషి, కళ్ళు మూసుకుని కూడా గట్లు దాటగలదు. చిన్నప్పుడు కూలికి నాట్లు వేసి, ఆ తరవాత ఇద్దరూ కౌలుకి దిగారు.

మురుగు కాలువ పక్కన రెండెకరాలు, ఇరవై ఏళ్ళుగా వాళ్ళే చేస్తున్నారు. చేను గలాయన అమలాపురంలో ఉంటారు. కౌలు రైతు పేరున పంట నమోదు చేయాలంటే భూమి గలవాళ్ళు కౌలు కార్డు మీద సంతకం పెట్టాలి. చాలామంది పెట్టరు. కాగితం చేతికిస్తే రేపు కౌలు చేసేవాళ్ళు భూమి తమదంటారేమో అని భయం. ఈయన పెట్టారు కానీ ఒక షరతు మీద. పంట ఎలా పండినా కౌలు కింద కొలవాల్సిన మక్తా ధాన్యం ఒక్క బస్తా కూడా తగ్గకూడదు. తగ్గితే మరుసటి పంటకి చేను వేరేవాళ్ళది. ఈ మాట ఆయన మా కేంద్రంలో, నా బల్ల ముందు కూర్చునే అన్నారు. బాబాయిగారు "ఆయ్" అన్నారు. ఇంకేమంటారు?

అంటే పంట దెబ్బతింటే ఆ లోటు పూడ్చుకోవడానికి వాళ్ళకున్న దారి ప్రభుత్వం ఇచ్చే సాయం ఒక్కటే. అది రాకపోతే చేను పోతుంది. ఇది వాళ్ళిద్దరికీ తెలుసు, నాకూ తెలుసు.

ఆ ఏడాది వానాకాలపు సార్వా కోతలు ఇంకో మూడు వారాల్లో ఉన్నాయనగా తుఫాను పట్టింది. రెండు రోజులు గాలీ వానా. మూడో రోజు పొద్దున బయటికొచ్చి చూస్తే చేలన్నీ ఒకే వైపుకి పడుకుని ఉన్నాయి. మురుగు కాలువ పొంగి నీళ్ళు వెనక్కి తన్నాయి. వెన్నులు నీళ్ళలో నానుతున్నాయి. ఎవరూ ఏడవలేదు, తిట్టుకోలేదు. గట్ల మీద గొడుగులేసుకుని నిలబడి చూస్తున్నారు. నేను కూడా చూశాను. కోపం కూడా రాలేదు. పైగా ఆకలేసింది, కేంద్రానికి వెళ్ళి బిస్కెట్లు తిన్నాను.

అప్పటికే పైనుంచి ఫోనుకి సూచనలు వచ్చేశాయి. నిలిచిన నీళ్ళు తీసేయాలి, పడిపోయిన దుబ్బులు లేపి కట్టాలి, మొలక రాకుండా గళ్ళుప్పు నీళ్ళు కొట్టాలి. అందులో తప్పేమీ లేదు, మాకు చదువులో చెప్పిందీ అదే. నా గొంతుతో చదివి రైతుల వాట్సాప్ గ్రూపులో పెట్టాను. బాబాయిగారి ఫోను మాట్లాడటానికి తప్ప దేనికీ పనికిరాదు. అందుకని బండి మీద వెళ్ళి స్వయంగా చెప్పాను.

"ఇవాళే మొదలెట్టండి బాబాయిగారూ. నీళ్ళలో ఉంచితే నాలుగు రోజుల్లో మొలకొచ్చేస్తుంది."

"కూలోళ్ళు ఎవరూ రాట్లేదండి. ఎవరిళ్ళ మీద రేకులు వాళ్ళు సర్దుకుంటన్నారు."

"మీరిద్దరే అయినా సరే. లేస్తే సగమన్నా దక్కుతుంది కదండీ."

"ఆయ్. మీరు చెప్పేక ఇంకేవుందండి," అని లుంగీ ఎగ్గట్టి దిగిపోయారు.

పడిపోయిన వరి లేపడం చూడనివాళ్ళకి చెప్పాలి. మోకాలి లోతు బురదలో వంగి, నాలుగైదు దుబ్బులు ఒక చేత్తో పోగేసి, వెన్నులు పైకి వచ్చేలా ఎత్తి, వాటి ఆకులతోనే మెలేసి ముడి వేయాలి. గట్టిగా లాగితే కాడ విరుగుతుంది, వదులుగా వేస్తే మళ్ళీ ఒరిగిపోతుంది. ఒక ముడి వేసి అడుగు ముందుకి, మళ్ళీ ఒక ముడి. రెండెకరాలు. ఆ ఇద్దరూ మూడు రోజులు నడుం ఎత్తలేదు.

వాళ్ళు లేపడం మొదలెట్టిన రెండో రోజు ఉప్పు పాకెట్లు ఇవ్వడానికి వెళ్ళాను. పక్క చేను రైతు గట్టు మీద నిలబడి ఉన్నాడు. అతనిది సొంత పొలం, చేను పడింది పడినట్టే ఉంది. అతను బాబాయిగారితో అంటున్నాడు: "ఫోటోలకి వచ్చేదాకా ఆగొచ్చు కదా. పడున్నది పడున్నట్టు కనపడితేనే రాస్తారు."

నేను ఊరుకోలేదు. "సాయం కోసం పంట కుళ్ళబెట్టుకుంటారా ఎవరన్నా? ఇలాంటి మాటలు చెప్పి పక్కవాళ్ళని కూడా చెడగొట్టకండి," అని నోరు చేసుకున్నాను. అతను నవ్వి, "మీ ఇష్టం మేడం గారూ," అని వెళ్ళిపోయాడు. బాబాయిగారు తల ఎత్తకుండా ముడి వేస్తూనే ఉన్నారు. ఆవిడ మాత్రం ఒక్క క్షణం నా వైపు చూసింది. ఆ పక్క చేను మనిషి చెప్పింది అక్షరాలా నిజమైంది. అతన్ని అలా అన్నందుకు నాకు ఇప్పటికీ సిగ్గుగా ఉంటుంది, ఎప్పుడన్నా ఎదురుపడితే ఫోను చూసుకుంటూ నడుస్తాను.

నష్టం రాయడానికి ఉత్తర్వులు నాలుగో రోజు సాయంత్రం వచ్చాయి. అయిదో రోజు నేనూ, ఊరి వీఆర్వో గారూ కలిసి బయల్దేరాం. పద్ధతి ఇలా ఉంటుంది. రైతు తన చేలో నిలబడాలి, వెనక పంట కనపడేలా నేను ఫోటో తీయాలి. ఫోనులో చేను నంబరు కొడితే మూడు గళ్ళు వస్తాయి: నీట మునిగింది, పడిపోయింది, నిలబడి ఉంది. ఒకటి నొక్కాలి. మూడో వంతు కంటే ఎక్కువ పోయిందని తేలితేనే పేరు జాబితాలోకి వెళ్తుంది. పొద్దుటి నుంచి మునిగింది, పడిపోయింది, పడిపోయింది అని నొక్కుకుంటూ వస్తున్నాను. వేలికి అలవాటైపోయింది.

బాబాయిగారు మా కోసం ఎదురుచూస్తున్నారు. ఉతికిన చొక్కా వేసుకున్నారు. చేను మొత్తం కట్టలు కట్టి, వరసలుగా నిలబడి ఉంది. చుట్టూ అన్ని చేలూ పడుకుని ఉంటే అది ఒక్కటే నిలబడి ఉంది. చూడగానే నాకు అర్థమైంది.

కాలువ మూల ఒక్క ముక్కన్నా కట్టకుండా మిగిలి ఉంటుందేమో, అక్కడ నిలబెట్టి ఫోటో తీద్దామని కళ్ళతో వెతుకుతున్నాను. ఆయన అది గమనించి ఏమనుకున్నారో, గర్వంగా చెప్పారు: "ఆ మూల కూడా అయిపోయిందండి. అధికారులొస్తన్నారని తెలిసి పొద్దున్నే వచ్చి కట్టేసేం. ఒక్క దుబ్బు వదల్లేదండి, ఆయ్."

చుట్టాలొస్తున్నారని వాకిలి ఊడ్చుకున్నట్టు, మేము వస్తున్నామని చేను సర్దుకున్నారు. ఆయన్ని నోరు మూసుకోమని సైగ చేద్దామనుకున్నాను. ఆయన నా వైపు చూడటం లేదు, వీఆర్వో గారికి చూపిస్తున్నారు.

వీఆర్వో గారు చెడ్డ మనిషి కాదు. మూడు రోజులుగా ఆయనకీ నిద్ర లేదు. "నిలబడ్డ చేను కదండీ మేడం," అన్నారు నాతో నెమ్మదిగా. "మూడో వంతు పోయిందని ఎలా రాద్దాం? రేపు పైవాళ్ళు ఫోటో చూసి నన్నే అడుగుతారు."

అప్పుడు నేను ఒక్క మాట అనాల్సింది. నిలబడలేదండీ, పడిపోయిన చేనే, నేనే లేపమన్నాను అని. అంటే ఆయన ఏమనేవారో నాకు తెలియదు. గళ్ళ కింద వివరాలు రాయడానికి కాస్త చోటు కూడా ఉంది. కానీ ఆ నెలలోనే మా మండలంలో ఇద్దరు సహాయకులకి మెమోలు వచ్చాయి. నా ఉద్యోగం ఖాయమై ఏడాది కూడా కాలేదు. ఎందుకు లేపమన్నావు, పరిశీలన అయ్యేదాకా ఆగమని ఎందుకు చెప్పలేదు అంటే, అది నా మెడకే చుట్టుకుంటుంది. ఇవన్నీ ఆలోచించానా అంటే, లేదు. ఆలోచించేంత సేపు కూడా పట్టలేదు. ఫోటో తీసి మూడో గడి నొక్కాను.

"అయిపోయిందాండి?" అన్నారు బాబాయిగారు.

"అయిపోయిందండి," అన్నాను.

మర్నాడు పొద్దున పక్క చేను రైతే నాకు ఫోను చేశాడు. "మేడం గారూ, ఓసారి వచ్చి చూడండి, ఆవిడ ఏం చేస్తందో," అన్నాడు. గొంతులో వెటకారం లేదు.

వెళ్ళేసరికి ఆవిడ ఒక్కతే చేలో ఉంది. కట్టిన ముడులు ఒక్కొక్కటే విప్పి, దుబ్బుల్ని పడుకోబెడుతోంది. చెయ్యి పెట్టి మెల్లగా అదిమి, వెన్నులు నీళ్ళలోకి వెళ్ళాయో లేదో చూసి, పక్కదానికి వెళ్తోంది. అప్పటికి ఒక మడిలో సగం విప్పేసింది.

"ఏంటి పిన్నిగారూ ఇది?"

"పడున్నట్టు కనపడాలంట కదండి."

"ఎవరు చెప్పారండీ?"

"ఎవరూ చెప్పలేదండి. నిన్న మీరు ఎవరెవరి చేలో ఏం రాసుకున్నారో విన్నాం కదా. ఆయన ముక్తేశ్వరం ఎళ్ళేరు. వచ్చేసరికి విప్పేస్తాను. మళ్ళీ ఓ ఫోటో తీయండమ్మా."

నేను చెప్పులు గట్టు మీద వదిలి దిగాను. ఫోను తీసి ఆవిడకి చూపించాను. ఆ చేను నంబరు కొడితే, పరిశీలన పూర్తయింది అని ఆకుపచ్చ అక్షరాల్లో వస్తోంది. మళ్ళీ తెరవడానికి లేదు. ఆవిడకి చదవడం రాదు. అయినా ఆ అక్షరాల వైపు చాలాసేపు చూసింది.

"ఇంక మారదాండి?"

"మారదండి."

ఆవిడ నన్ను ఒక్క మాట అని ఉంటే బాగుండేది. వెనక్కి తిరిగి, విప్పిన మొదటి దుబ్బు దగ్గరికి వెళ్ళి, మళ్ళీ లేపి కట్టడం మొదలుపెట్టింది. నేను కూడా పక్కన వంగి కట్టబోయాను. నా ముడి నిలవడం లేదు. నేను వేసినవన్నీ ఒరిగిపోతున్నాయి, ఆవిడ వెనకే వచ్చి వాటిని విప్పి మళ్ళీ కడుతోంది. దాంతో ఆవిడకి రెండింతల పని. కాసేపటికి, "మీరు గట్టెక్కండమ్మా, జలుబు చేస్తది," అంది. ఎక్కాను. ఆ పూట నాకు దుఃఖం వచ్చిందని రాస్తే బాగుంటుంది. రాలేదు. కాళ్ళు కడుక్కుని తరవాతి ఊరి చేలకి వెళ్ళాను, అక్కడ మధ్యాహ్నం దాకా ఫోటోలు తీశాను.

నిలబడ్డ చేలో గింజ ఉంటుందని నమ్మకం లేదు. కాడ ఒకసారి మడత పడ్డాక పైకి లేపినా గింజకి పాలు సరిగా ఎక్కవు. కోత కోసి నూర్చేసరికి సగానికి పైగా తాలు తేలింది. విప్పి రెండోసారి కట్టిన మడిలో గింజలు నల్లబడి మొలక వచ్చింది. మక్తా ధాన్యానికి సరిపోలేదు. నూర్చిన రోజే నేను కళ్ళం దగ్గరికి వెళ్ళి, తాలు గుప్పిట్లోకి తీసుకుని ఊదాను. చెయ్యి ఖాళీ అయిపోయింది. బాబాయిగారు దూరంగా గోతాలు దులుపుకుంటున్నారు.

ఆ వారంలోనే నష్టపోయిన రైతుల జాబితా వచ్చింది. మా కేంద్రం గోడకి నేనే అంటించాను. అభ్యంతరాలుంటే అయిదు రోజుల్లో రాసి ఇవ్వాలి. ఊళ్ళో దాదాపు అందరి పేర్లూ ఉన్నాయి. పక్క చేను రైతు పేరు ఉంది. అతన్ని నేనేమీ అనను, అతని పంట నిజంగానే పోయింది. బాబాయిగారు వచ్చి, కళ్ళజోడు తుడుచుకుని, మొదటి నుంచి చివరి దాకా వేలు పెట్టి చదువుకున్నారు. తన పేరు లేదు. రెండోసారి కూడా చదివారు. లోపలికొచ్చి, "దాళ్వాకి విత్తనాలు ఎప్పుడొస్తాయండి?" అని అడిగి వెళ్ళిపోయారు. ఆ చేను దాళ్వాకి, అంటే వచ్చే పంటకి, తనకి ఉండదని ఆయనకి తెలియదా? నాకోసం అడిగారు. నేను ఇబ్బంది పడకూడదని అడిగారు.

మూడో రోజు పొద్దున నేను ఒక కాగితం రాశాను. నాలుగు సార్లు చింపి మళ్ళీ రాశాను. ఫలానా చేను తుఫానుకి పూర్తిగా పడిపోయిందనీ, వ్యవసాయ సహాయకురాలి సూచన ప్రకారమే లేపి కట్టామనీ, పరిశీలన నాటికి నిలబడి ఉండటం చేత నష్టం నమోదు కాలేదనీ, కనుక మళ్ళీ విచారించి న్యాయం చేయాలనీ ఆయన రాసినట్టు రాశాను. కింద సంతకానికి చోటు వదిలాను. తీసుకుని వాళ్ళింటికి వెళ్ళాను.

ఆయన అరుగు మీద కూర్చుని నిదానంగా చదివారు. ఆవిడ గుమ్మంలో నిలబడి ఆయన మొహమే చూస్తోంది. చదవడం అయ్యాక కాగితం మడిచి నా చేతికిచ్చారు.

"మీరు చెప్పేరని రాసేరండి ఇందులో."

"నిజమే కదండీ."

"నిజవే. మరి మీ ఉద్యోగం మాటేంటండి? పైవోళ్ళు ఊరుకుంటారా?"

"అది నేను చూసుకుంటానండి. మీరు సంతకం పెట్టండి."

"వద్దండి. మీరు చెప్పకపోయినా లేపేవోళ్ళవే. పడున్న చేను చూస్తా ఎలా కూర్చుంటావండి? మీరు చెప్పేరు కాబట్టి లేపేవని నేను రాయలేనండి. అది అబద్ధం."

ఆవిడ గుమ్మంలోంచి, "పెట్టండి," అంది ఆయనతో. ఒక్క మాటే. ఆ ఇంట్లో ఆవిడ ఆయనకి ఎదురుచెప్పడం నేను వినడం అదే మొదలు.

"ఆడపిల్ల ఉద్యోగవే," అన్నారాయన. ఆవిడ లోపలికి వెళ్ళిపోయింది. లోపల గిన్నెలు సర్దుతున్న చప్పుడు వినిపించింది.

ఆ కాగితం బ్యాగులో పెట్టుకుని బయటికొచ్చాను. బండి స్టార్టు చేస్తుంటే ఒక్కసారి ఒళ్ళంతా తేలికైంది. అది ఉపశమనం. నాకు హాయిగా అనిపించింది. నా ప్రయత్నం నేను చేశాను, ఆయనే వద్దన్నారు అనుకున్నాను. దారిలో ఆగి టీ కూడా తాగాను. అభ్యంతరాల గడువు ఇంకా రెండు రోజులుంది. ఆ రెండు రోజులూ నేను కేంద్రంలోనే ఉన్నాను, వేరే వాళ్ళిచ్చిన అభ్యంతరాలు తీసుకుని రసీదులు రాశాను.

దాళ్వాకి ఆ చేను వేరేవాళ్ళు తీసుకున్నారు. వాళ్ళిద్దరూ ఇప్పుడు కొబ్బరికాయల కొట్టులో పనికి వెళ్తున్నారు, ఆయన కాయలు ఒలుస్తారు, ఆవిడ పీచు ఎండబెడుతుంది. దారిలో కనపడితే ఆయన ఆగి నవ్వుతారు, "బాగున్నారాండి," అంటారు. ఆవిడ కూడా ఆగుతుంది కానీ నవ్వదు.

ఊళ్ళో కొందరు, ఆ మేడం కోపిష్టిదే కానీ పాపం కాగితం రాసుకుని వాళ్ళింటి దాకా వెళ్ళింది, ఆయనే సంతకం పెట్టలేదు అంటారు. ఆ మాట ఆయనే చెప్పి ఉంటారు, నేను చెప్పలేదు. ఎవరన్నా నా ముందు అన్నప్పుడు కాదనలేదు.

కానీ ఒకటుంది. పరిశీలనలో తప్పు జరిగిందని రాసి ఇవ్వడానికి రైతు సంతకం అక్కర్లేదు. పరిశీలన చేసిన ఉద్యోగి ఇవ్వొచ్చు. నా పేరు, నా సంతకం, ఒక్క పేజీ చాలు. ఆయన అరుగు మీద కూర్చుని ఆ కాగితం చదువుతున్నంతసేపూ నాకు ఆ సంగతి తెలుసు.